తల ఊపిన రోజు

(అమెరికా సైన్యంలో నల్లజాతి వీరులు: 9వ భాగం)

గత వారం మన కథ 1948 జులై 26 దగ్గర ఆగింది. అమెరికా సైన్యంలో తెల్లవాళ్లకు వేరే దళాలు, నల్లవాళ్లకు వేరే దళాలు ఇకపై ఉండరాదని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చిన రోజది. సంతకానికి నిమిషం చాలింది, అమలుకు ఆరేళ్లు పట్టింది. నల్లవాళ్లకు విడిగా మిగిలిన ఆఖరి దళం 1954లో గానీ రద్దు కాలేదు. ఆ ఏడాదే న్యూయార్క్‌లో మోరిస్ హైస్కూల్ చదువు ముగించి ఒక పదహారేళ్ల కుర్రాడు కాలేజీలో చేరాడు. ట్రూమన్ తెరిచిన తలుపులోంచి అందరికంటే ముందుకు వెళ్లినవాడు అతనే. ఈ వారం కథ అతనిది.

పేరు కోలిన్ పావెల్. జమైకా నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులు బ్రిటిష్ పద్ధతిలో ‘కాలిన్’ అని పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగిన తొలిరోజుల్లో కోలిన్ కెల్లీ అనే వైమానికుడు ప్రాణాలర్పించి దేశమంతటికీ వీరుడయ్యాడు. వీధి పిల్లలు ఆ వీరుడి పేరు ఎలా పలికేవారో ఇతని పేరూ అలాగే పలకసాగారు. చివరికి వీధి పలికిన పేరే నిలిచింది.

1937 ఏప్రిల్ 5న హార్లెంలో పుట్టినా పెరిగిందంతా సౌత్ బ్రాంక్స్‌లోని కెల్లీ స్ట్రీట్‌లో. తండ్రి లూథర్ బట్టల కంపెనీలో సరుకు పంపే గుమాస్తా. తల్లి మాడ్ కుట్టుపని చేసేది. ఆ వీధిలో యూదులు, ఇటాలియన్లు, ప్యూర్టోరికన్లు, నల్లవాళ్లు అందరూ ఉండేవారు. ఒక యూదు వ్యాపారి నడిపే పిల్లల సామాన్ల దుకాణంలో పనిచేస్తూ కోలిన్ వాళ్ల యిడ్డిష్ భాష కూడా కాస్త పట్టేశాడు. చదువులో మాత్రం అక్క మెరిలిన్ ముందు తేలిపోయేవాడు. పేదింటి పిల్లలకు దాదాపు ఉచితంగా చదువు చెప్పే న్యూయార్క్ సిటీ కాలేజీలో సీటు దొరికింది. ఇంజినీరింగ్ చదివితేనే నాలుగు డబ్బులని అమ్మ మాట. మన ఇళ్లలో వినని మాటేమీ కాదది. చేరాడు, కుదరలేదు, భూగర్భశాస్త్రానికి మారాడు. అందులోనూ మార్కులు అంతంత మాత్రమే.

అతన్ని నిలబెట్టింది కాలేజీ ఆవరణలో కవాతు చేసే కుర్రాళ్లు. ఆర్‌ఓటీసీ అనే ఆ శిక్షణ మన ఎన్‌సీసీని పోలి ఉంటుంది. ఒకటే తేడా, అది పూర్తి చేసినవాళ్లకు నేరుగా సైన్యంలో ఆఫీసర్ హోదా ఇస్తారు. యూనిఫాం వేసుకుని అద్దంలో చూసుకున్నాక, తనకు ఒక చోటు దొరికిందని అతనికి మొదటిసారి అనిపించింది. ఆ రోజుల్లోనే ఒక వేసవిలో శీతల పానీయాల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. సీసాలు నింపే యంత్రాల దగ్గర తెల్లవాళ్లు, నేల తుడిచే కర్రలతో నల్లవాళ్లు. కోలిన్ చేతికీ కర్రే వచ్చింది. ఆ వేసవంతా నేలను అద్దంలా తుడిచాడు. మరుసటి వేసవి యంత్రం దగ్గరికి పంపారు. ఇచ్చిన పని వంక పెట్టకుండా చేసి పైమెట్టు ఎక్కడం అప్పుడే అలవాటైంది. అతని మేలంతా ఆ అలవాటులోంచే వచ్చింది. కీడు కూడా.

1958లో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరిన పావెల్, పశ్చిమ జర్మనీలో కొంతకాలం పనిచేశాక, 1962 ఆగస్టు 25న ఆల్మా జాన్సన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమెది అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్. నాలుగు నెలలు తిరక్కుండానే వియత్నాంకు బయల్దేరారు. ఆషావ్ లోయ అడవుల్లో దక్షిణ వియత్నాం సైనికులకు సలహాదారుగా తిరుగుతుండగా, శత్రువు నేలలో పాతి ఉంచిన వెదురు మేకు పాదంలో దిగింది. భర్త అక్కడ అలా ఉండగా భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది. 1963 బర్మింగ్‌హామ్ అంటే ఏమిటో ఈ ధారావాహిక చదువుతున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. సమాన హక్కులడిగిన పిల్లల మీదికి పోలీసులు కుక్కల్ని వదిలిన ఊరు, ఆదివారం చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయిన ఊరు. ఆల్మా తండ్రి హైస్కూల్ ప్రిన్సిపాల్. కూతురికీ పసివాడికీ కాపలాగా ఆయన తుపాకీ దగ్గర పెట్టుకుని రాత్రుళ్లు మేలుకునేవాడు. అల్లుడు దేశం కోసం అడవిలో, మామగారు అదే దేశంలో సొంత ఇంటి గుమ్మంలో!

పావెల్ తిరిగొచ్చి జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో చేరారు. 1964లో ఒక రోజు ఆకలేసి రోడ్డు పక్కన కారు ఆపి హాంబర్గర్ అడిగారు. నువ్వు ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చావా, ప్యూర్టోరికన్‌వా అని అక్కడ వడ్డించే అమ్మాయి అడిగింది. దేనికో ఒకదానికి అవునంటే వడ్డించేదే. నేను అమెరికన్‌ని, సైనికాధికారిని, నల్లవాణ్ణి అన్నారాయన. అయితే వెనక కిటికీ దగ్గరికి వచ్చి తీసుకెళ్లు అంది. ఆ అమ్మాయి న్యూజెర్సీ నుంచి వచ్చినది, ఆమెకీ అది నచ్చిన నియమం కాదు. అంత ఆకలి లేదని చెప్పి పావెల్ కారు వెనక్కి తిప్పారు. ఆ జులైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. మళ్లీ అక్కడికే వెళ్లి, ముందు గుమ్మంలోనే హాంబర్గర్ కొనుక్కున్నారు.

రెండోసారి వియత్నాం వెళ్లింది 1968లో, అమెరికల్ డివిజన్‌కి. ఆ నవంబర్‌లో ఆయన ఎక్కిన హెలికాప్టర్ చెట్లకు తగిలి కూలింది. మంటలంటుకునేలా ఉన్న శకలాల్లోకి మళ్లీ మళ్లీ వెళ్లి డివిజన్ కమాండర్‌తో సహా తోటివాళ్లను బయటికి లాగారు. ఆ సాహసానికి సోల్జర్స్ మెడల్ వచ్చింది. ఆయన జీవిత చరిత్రలన్నీ ఈ ఘట్టాన్ని ఇష్టంగా చెబుతాయి. దీని పక్కనే చెప్పాల్సింది ఇంకొకటుంది. మన సైనికులు వియత్నాం పౌరుల్ని హింసిస్తున్నారని అదే డివిజన్ సైనికుడొకడు పై అధికారులకు ఉత్తరం రాశాడు. సంగతేమిటో చూడమని మేజర్ పావెల్‌కు అప్పగించారు. ఆయన ఆ సైనికుణ్ణి పిలిచి అడగలేదు. అమెరికన్ సైనికులకూ వియత్నాం ప్రజలకూ సంబంధాలు చక్కగా ఉన్నాయని జవాబు రాసి పంపేశారు. అదే డివిజన్ సైనికులు, పావెల్ అక్కడికి రాకముందు 1968 మార్చి 16న, మై లై గ్రామంలో వందల మంది నిరాయుధుల్ని కాల్చి చంపిన సంగతి మరుసటి ఏడాది లోకానికి తెలిసింది. ఆ ఉత్తరం మై లై పేరెత్తలేదు, నిజమే. కానీ లోతుకు వెళ్లి అడిగి ఉంటే ఏం బయటపడేదో!

వియత్నాం నుంచి ఆ తరం ఆఫీసర్లు ఒక గట్టి కోపంతో తిరిగొచ్చారు. యుద్ధం గెలవలేమని పెద్ద జనరల్స్‌కు తెలుసు. తెలిసీ, రాజకీయ నాయకులు అడిగినప్పుడల్లా గంగిరెద్దుల్లా తల ఊపారు. తమ వంతు వచ్చిన రోజున, సగం సగం కారణాలతో మొదలెట్టే యుద్ధాలకు తాము అలా తల ఊపబోమని ఆ తరం ఒట్టు పెట్టుకుంది. పావెల్ తన ఆత్మకథలో ఈ మాట సూటిగా రాసుకున్నారు. పాఠకులు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు నిచ్చెన ఎక్కినట్టే సాగాయి. 1971లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఎంబీఏ, మరుసటి ఏడాది వైట్‌హౌస్ ఫెలోషిప్, కొరియాలో బెటాలియన్, ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో బ్రిగేడ్. 1979లో నలభై రెండేళ్లకే బ్రిగేడియర్ జనరల్. రీగన్ హయాంలో రక్షణ మంత్రి వైన్‌బర్గర్‌కు సైనిక సహాయకుడయ్యారు. ఇరాన్‌కు దొంగచాటుగా క్షిపణులు అమ్మడం వైన్‌బర్గర్‌కు ససేమిరా ఇష్టం లేదు. అయినా వైట్‌హౌస్ నుంచి ఆదేశం వచ్చింది. సైన్యం గోదాముల నుంచి సీఐఏకి ఆ క్షిపణులు చేరే ఏర్పాటు పావెల్ చేతుల మీదుగానే జరిగింది. కుంభకోణం బయటపడ్డాక ఆయన మీద ఏ నేరమూ మోపలేదు. 1987 చివర్లో ఆయనే జాతీయ భద్రతా సలహాదారు అయ్యారు. ఒక నల్లజాతీయుడు ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు.

ఈ హడావుడిలో 1982 నాటి ఒక చిన్న సంగతి మరుగున పడకూడదు. అప్పుడాయన కాన్సాస్‌లోని ఫోర్ట్ లీవెన్‌వర్త్‌లో ఉన్నారు. అంతర్యుద్ధం ముగిశాక 1866లో ఏర్పడిన నల్లజాతి అశ్వికదళాలు రెండు, తొమ్మిదోది, పదోది. ‘బఫెలో సోల్జర్స్’ అని వాళ్లకు పేరు. రెండో భాగంలో వాళ్ల గురించి వివరంగా చెప్పుకున్నాం. పదో దళం పుట్టింది లీవెన్‌వర్త్‌లోనే. అంతటి దళాలకు అక్కడ గుర్తుగా మిగిలిందేమిటని పావెల్ వెతికితే, వాళ్ల పేర్లు పెట్టిన రెండు కంకర సందులు కనిపించాయి! వాళ్లకొక విగ్రహం ఉండాలని ఆయన అప్పుడే పట్టుబట్టారు. పదేళ్ల తర్వాత, 1992 జులై 25న, గుర్రం పగ్గాలు పట్టిన నల్ల సైనికుడి కంచు విగ్రహాన్ని ఆవిష్కరించడానికి వచ్చినప్పుడు ఆయన దేశంలోకెల్లా పెద్ద సైనికాధికారి. తన ముందు నడిచినవాళ్లకు ఆయన తీర్చుకున్న రుణాల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే.

1989 అక్టోబర్ 1న దళాధిపతుల ఉమ్మడి మండలికి ఛైర్మన్ అయ్యారు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు. అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరికీ ఆ పదవి దక్కలేదు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ మెట్లెక్కని సిటీ కాలేజీ కుర్రాడికి, అందులోనూ నల్లవాడికి దక్కడం ఊహకందని విషయం. ఈ ఛైర్మన్ నేరుగా దళాలను నడపడు. అధ్యక్షుడికి, రక్షణ మంత్రికి ప్రధాన సైనిక సలహాదారుగా ఉంటాడు. 1986 నాటి చట్టం ఆ సలహాకు మునుపెన్నడూ లేని బరువిచ్చింది.

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సేనలు కువైట్‌లో దిగాయి. అక్కడ పనిచేస్తున్న మన కడప, గోదావరి జిల్లాలవాళ్లు కట్టుబట్టలతో విమానాలెక్కి ఇల్లు చేరిన ఏడాది అది. ఇరాక్‌ను ఆంక్షలతో బిగించి కొంతకాలం వేచి చూడవచ్చని పావెల్ మొదట తన అభిప్రాయం చెప్పారు. అధ్యక్షుడు పెద్ద బుష్ యుద్ధానికే నిశ్చయించుకున్నారు. అక్కడితో వాదన ఆపి, అయితే చేసే పని పూర్తిగా చేద్దామన్నారు పావెల్. ఐదు లక్షలకు పైగా అమెరికన్ సైన్యం తరలింది. 1991 జనవరి 17న వైమానిక దాడులు మొదలయ్యాయి. భూమ్మీది యుద్ధం ఫిబ్రవరి 24న మొదలై వంద గంటల్లో ముగిసింది. పోరులో చనిపోయిన అమెరికన్లు నూట యాభై మందికి లోపే. ఇరాకీలు వేలల్లో. యుద్ధానికి స్పష్టమైన లక్ష్యం ఉండాలి, ప్రజల మద్దతు ఉండాలి, దిగితే తిరుగులేని బలంతో దిగాలి, ఎలా బయటపడాలో ముందే తెలియాలి. ‘పావెల్ సిద్ధాంతం’ అని ప్రపంచమంతా చెప్పుకున్నది ఇదే. వియత్నాం నేర్పిన పాఠం ఎడారిలో పనికొచ్చింది.

1993లో రిటైరయ్యేనాటికి ఆయన మాటను రెండు పార్టీలవాళ్లూ గౌరవించేవారు. 1996 ఎన్నికల్లో నిలబడితే గెలుస్తాడనుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. 1995 నవంబర్ 8న ఆయన నిలబడనని ప్రకటించారు. ఆల్మాకు సుతరామూ ఇష్టం లేదు. నల్లజాతి అధ్యక్షుడి ప్రాణానికి పొంచి ఉండే ముప్పు, బర్మింగ్‌హామ్ రాత్రుళ్లు గడిపిన మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు.

2001 జనవరిలో చిన్న బుష్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యారు. ఆ కుర్చీలోనూ తొలి నల్లజాతీయుడు ఆయనే. సెప్టెంబర్ 11న న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు పెరూ రాజధాని లిమాలో సమావేశంలో ఉన్నారు. ఆ డిసెంబర్‌లో మన పార్లమెంటుపై దాడి తర్వాత భారత్, పాకిస్తాన్ సేనలు సరిహద్దులో ఎదురెదురుగా నిలిచినప్పుడు, 2002లో రెండుసార్లు ఢిల్లీకి, ఇస్లామాబాద్‌కు తిరిగారు. ఆ వేసవిలో అమెరికా విదేశాంగ శాఖ తమ పౌరుల్ని భారత్ విడిచి రమ్మని చెప్పిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ సంక్షోభం యుద్ధం కాకుండా చల్లారడంలో ఆయన రాకపోకలకూ కొంత వాటా ఉంది.

ఇరాక్ విషయం వేరేలా నడిచింది. 2002 ఆగస్టు 5 రాత్రి భోజనం దగ్గర, ఇరాక్ మీదికి వెళితే ఆ దేశం బరువంతా మనమే మోయాల్సి వస్తుందని పావెల్ బుష్‌ను హెచ్చరించారు. ఐక్యరాజ్యసమితి దారిలో వెళ్లమన్నారు. బుష్ కొంతదూరం ఆ దారిలో వెళ్లారు. 2003 జనవరి 13న పావెల్‌ను ఒంటరిగా పిలిచి, యుద్ధానికే సిద్ధపడుతున్నాను, నాతో ఉంటావా అని అడిగారు. ఉంటానన్నారు పావెల్. ఆ భేటీ పన్నెండు నిమిషాలు సాగింది.

ఫిబ్రవరి 5న ఐరాస భద్రతా మండలిలో మాట్లాడే పని ఆయన మీదే పడింది. ఎందుకంటే ఆ ప్రభుత్వంలో ప్రపంచం నమ్మే మనిషి ఆయనే. ఉపాధ్యక్షుడి కార్యాలయం నుంచి వచ్చిన చిత్తుప్రతిని పక్కన పడేసి, సీఐఏ కేంద్రంలో నాలుగు రోజులు కూర్చుని ఒక్కో వాక్యం వడగట్టారు. సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్‌ను తన వెనక కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. సమితిలో విలేకరులతో మాట్లాడే చోట పికాసో ‘గెర్నికా’ చిత్రం నేతలో వేలాడుతుంటుంది. బాంబుల కింద నలిగిన ఊరి చిత్రమది. ఆ రోజుల్లో దానికి నీలి తెర కప్పేశారు. పావెల్ గంటకు పైగా మాట్లాడారు. ఆంత్రాక్స్ ఎంత కొద్దిగా ఉన్నా చాలునని చూపడానికి చిన్న సీసా ఒకటి పైకెత్తారు. లారీల మీద తిరిగే జీవాయుధ ప్రయోగశాలల బొమ్మలు చూపించారు. అణు కార్యక్రమానికేనంటూ అల్యూమినియం గొట్టాల గురించి చెప్పారు. ఆ గొట్టాలు అందుకు కావని ఆయన సొంత శాఖ నిఘా నిపుణులే అప్పటికే సందేహం తెలిపారు. లారీల కథ చెప్పిన ఇరాకీ, అది తాను అల్లిందేనని తర్వాత ఒప్పుకున్నాడు.

మార్చి 20న యుద్ధం మొదలైంది. 2004కల్లా అమెరికా పంపిన తనిఖీ బృందమే, ఇరాక్‌లో అలాంటి ఆయుధ నిల్వలు లేవని తేల్చేసింది.

పావెల్ తెలిసి అబద్ధం చెప్పారని నేననను. చెప్పినది ఆ రోజుకు నమ్మారు. కానీ ఆ యుద్ధం తెలివైన పని అని ఆయన నమ్మలేదు, ఆ సంగతి అధ్యక్షుడికి స్వయంగా చెప్పారు కూడా. అభిప్రాయం అడిగినప్పుడు నిర్భయంగా చెప్పడం, నిర్ణయం వెలువడ్డాక దాన్ని తనదిగా చేసుకుని అమలుపరచడం, విధేయతకు ఆయన చెప్పుకున్న అర్థం ఇది. సిపాయికి అది సరిపోతుంది. మంత్రికి సరిపోదు. ఎందుకంటే మంత్రి యూనిఫాం విప్పేసినవాడు, రాజీనామా పత్రం అతని జేబులోనే ఉంటుంది. అదే కుర్చీలో కూర్చున్న సైరస్ వాన్స్, ఇరాన్‌లో బందీలైన అమెరికన్ల కోసం చేసిన సైనిక ప్రయత్నం నచ్చక 1980లో తప్పుకున్నారు. ఇరాక్ యుద్ధానికి మూడు రోజుల ముందు బ్రిటన్‌లో రాబిన్ కుక్ మంత్రివర్గం నుంచి లేచి వెళ్లిపోయారు. పావెల్ లేచి ఉంటే యుద్ధం ఆగేదని చెప్పలేం. అయితే సగం సగం కారణాలతో మొదలయ్యే యుద్ధానికి తల ఊపనని ఒట్టు పెట్టుకున్న తరానికి ఆయనే పెద్ద. ఆయన వంతు వచ్చిన రోజు అదే.

ఆ ప్రసంగం తన పేరు మీద మచ్చ అని, ఇప్పటికీ బాధపెడుతోందని 2005లో టీవీ ముందు ఆయనే ఒప్పుకున్నారు. ఆ యుద్ధం నడిపిన పెద్దల్లో అంత సూటిగా మాట్లాడినవాళ్లు అరుదు. పదవి వీడే ముందు, 2004 సెప్టెంబర్‌లో, సూడాన్‌లోని డార్ఫర్‌లో జరుగుతున్నది జాతి హననమేనని సెనేట్ కమిటీ ముందు ప్రకటించారు. 2008 అక్టోబర్‌లో తన రిపబ్లికన్ పార్టీని కాదని ఒబామాకు మద్దతిచ్చారు. ఒబామా ముస్లిం అని తన పార్టీవాళ్లే ప్రచారం చేస్తున్నందుకు ఆ రోజు ఆయన బాధపడ్డారు. ముస్లిం అయితే మాత్రం తప్పేమిటని అడిగారు. ఒక ఫొటో గురించి చెప్పారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో ఒక తల్లి కొడుకు సమాధి రాతికి తల ఆనించి ఉంది. రాతి మీద నెలవంక, నక్షత్రం. ఇరాక్‌లో చనిపోయిన ఆ అమెరికన్ సైనికుడికి ఇరవై ఏళ్లు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో మరణించినవాళ్లను ఖననం చేసే ఆ భాగాన్ని సెక్షన్ 60 అంటారు.

2021 అక్టోబర్ 18న, క్యాన్సర్‌తో బలహీనపడ్డ ఒంటికి కోవిడ్ సోకి, ఎనభై నాలుగేళ్ల వయసులో పావెల్ కన్నుమూశారు. ఆయన సమాధి ఆర్లింగ్టన్‌లోనే, సెక్షన్ 60లో ఉంది.